నిలబెట్టి చూడని రక్తపోటు

తెలుగు కవిత్వంలో చెమటకు దక్కిన గౌరవం కన్నీటికి తప్ప మరి దేనికీ దక్కలేదేమో. అభ్యుదయ కవులు దానిని శ్రమకు మారుపేరు చేశారు. మా అనంతపురం కథకులు వాన రాని చేలలో దానినే వానగా కురిపించారు. ఇంత చెమట పారిన సాహిత్యంలో చెమట పట్టడమే మానేసిన మనిషి కథ నాకు ఇంతవరకు తారసపడలేదు. రోహిణికార్తె ఎండలో కూడా ఒళ్ళు పొడిగా ఉండి కాలిపోతూ, మంచం మీదినుంచి లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్మి కూలబడే మనిషి ఒకడు మన ఊళ్ళలో ఉన్నాడు. వడదెబ్బ అనో, నీరసమనో, తాగి పడ్డాడనో అనుకుని మనం అతనిని దాటి పోతున్నాము. ఈ టపా అతనిని గురించి.

నేను వైద్యుడిని కాను. ఈ వ్యాధిని మా ఇంట్లో చూసినవాడిని, ఆ తరువాత దాన్ని గురించి దొరికినంత మేరకు చదివినవాడిని. చదివినదీ చూసినదీ కలిపి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన దగ్గర రక్తపోటును కూర్చోబెట్టి చూస్తున్నారు. కళ్ళు తిరుగుతున్నాయని వచ్చిన ప్రతి మనిషికీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడాలి. రెండుసార్లూ నాడి కూడా లెక్కపెట్టాలి. ఇందుకు కొత్త యంత్రమేమీ అక్కరలేదు. ఒక బల్ల, ఒక గడియారం, అయిదు నిమిషాల తీరిక చాలు. ఈ అయిదు నిమిషాలు లేకపోవడం వల్ల మా జిల్లాలో మనుషులు ఏళ్ళ తరబడి లేని జబ్బులకు మందులు మింగుతున్నారని, అక్కరలేని కోతలు కోయించుకుంటున్నారని నా అభియోగం.

వ్యాధి పేరు మల్టిపుల్ సిస్టమ్ ఎట్రఫీ. తెలుగులో బహుళ వ్యవస్థా క్షీణత అనవచ్చును గాని, ఈ పేరు వింటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. మెదడులోను వెన్నుపాములోను కొన్ని భాగాలు ఒకదాని వెంట ఒకటిగా క్షీణించిపోతాయి. సాధారణంగా యాభై దాటిన తరువాత మొదలవుతుంది. కొందరిలో పార్కిన్సన్ వ్యాధిలాగా కదలికలు మందగించి ఒళ్ళు బిగుసుకుంటుంది. మరికొందరిలో చిన్నమెదడు దెబ్బతిని నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. ఈ రెండు రకాలకూ ఉమ్మడి ఆస్తి ఒకటి ఉన్నది. అదే స్వయంచోదిత నాడీవ్యవస్థ పతనం. మన ప్రమేయం లేకుండా రక్తపోటును, చెమటను, మూత్రాశయాన్ని, పేగుల కదలికను నడిపించే యంత్రాంగం ఇది. చాలామందిలో నడక చెడిపోవడానికి ముందే ఈ యంత్రాంగం చెడిపోతుంది. కాని బయటికి కనబడేది నడకే కనుక మన కళ్ళన్నీ దాని మీదనే ఉంటాయి.

ఈ వ్యాధిని వైద్యశాస్త్రం తెలుసుకున్న తీరు అచ్చంగా మన అంధగజన్యాయమే. 1900లో ఫ్రాన్సులో దెజెరిన్, ఆంద్రె తొమాస్ అనే వైద్యులు చిన్నమెదడు వైపు నుంచి తడిమి ఒక పేరు పెట్టారు. 1960లో అమెరికాలో మిల్టన్ షై, గ్లెన్ డ్రేగర్ అనే ఇద్దరు రక్తపోటు వైపు నుంచి తడిమారు. దానికి చాలాకాలం షై-డ్రేగర్ వ్యాధి అనే పేరు నడిచింది. దాదాపు అదే కాలంలో ఇంకొందరు కండరాల బిగువు వైపు నుంచి తడిమి మూడో పేరు పెట్టారు. ఇవన్నీ ఒకే ఏనుగు అని 1969లో గ్రాహం, ఓపెన్‌హైమర్ అన్నారు. ఆ మాటకు కంటికి కనబడే సాక్ష్యం 1989లో గాని దొరకలేదు. ఆ ఏడు పాప్, కాన్, లాంటోస్ అనేవారు ఈ రోగుల మెదడులో నాడీకణాలకు ఆసరాగా ఉండే కణాల లోపల ఒకే రకమైన ముద్దలు పేరుకొని ఉన్నాయని చూపించారు. ఆ ముద్దలలో ఉన్నది ఆల్ఫా సైన్యూక్లిన్ అనే మాంసకృత్తి అని 1998లో తేలింది. పార్కిన్సన్ వ్యాధిలో పేరుకునేదీ అదే, కాకపోతే అక్కడ నాడీకణాల లోపల పేరుకుంటుంది.

వీటన్నిటికంటె నన్ను కదిలించినది ఇంకా పాత ముచ్చట. 1925లో బ్రాడ్‌బరీ, ఎగుల్‌స్టన్ అనే అమెరికా వైద్యులు ముగ్గురు రోగులను గురించి ఒక వ్యాసం రాశారు. నిలబడితే రక్తపోటు పడిపోయి ఆ ముగ్గురూ సొమ్మసిల్లేవారు. అంత పడిపోయినా నాడి మాత్రం వేగం పుంజుకునేది కాదు. చెమట సరిగా పట్టేది కాదు. వేసవిలో బాధ మరీ ఎక్కువయ్యేది. ఈ వర్ణన చదివినప్పుడు, వందేళ్ళ కిందట అమెరికాలో రాసిన మాటలు మా కళ్యాణదుర్గం పక్క పల్లెను చూసి రాసినట్టు అనిపించింది. ఆ ముగ్గురికీ ఉన్నది సరిగ్గా ఈ వ్యాధే అని నేను అనడం లేదు. నరాలు చేతులెత్తేసినప్పుడు శరీరం ఇచ్చే గుర్తులు అవే అంటున్నాను.

మనిషి లేచి నిలబడినప్పుడు ఏమవుతుందో ఒకసారి చూద్దాము. సుమారు అర లీటరు మొదలు ముప్పావు లీటరు వరకు నెత్తురు కాళ్ళలోకి, పొట్టలోకి జారిపోతుంది. మెడలోని పెద్ద ధమనిలోను, గుండె దగ్గరి బృహద్ధమనిలోను ఉన్న కావలివాళ్ళు వెంటనే ఈ సంగతి మెదడు అడుగుభాగానికి చేరవేస్తారు. అక్కడినుంచి వెన్నుపాము గుండా ఆజ్ఞ వెళుతుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె వేగం పెరుగుతుంది. ఇదంతా కొద్ది క్షణాల పని. ఈ వ్యాధిలో చెడేది ప్రధానంగా ఆజ్ఞ ఇచ్చే చోటు. రక్తనాళాలు బాగానే ఉంటాయి, వాటిని చేరే చివరి నరాలు కూడా చాలావరకు బాగానే ఉంటాయి. మా బోరుబావుల భాషలో చెప్పాలంటే మోటారు బాగుంది, తీగ బాగుంది, మీట నొక్కే మనిషే లేడు. అందుచేత నిలబడిన మనిషి మెదడుకు నెత్తురు అందదు. కళ్ళు చీకట్లు కమ్ముతాయి, మెడ వెనుక, భుజాల మీద లాగినట్టు నొప్పి వస్తుంది, మాట అందదు, మనిషి కూలిపోతాడు. పడుకోగానే నెత్తురు మళ్ళీ తలకు చేరి తేరుకుంటాడు. ఆసుపత్రికి తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టి చూసేసరికి అంకెలు ఏమంత చెడ్డగా ఉండవు.

ఈ కథ మా చిన్నాయన విషయంలో ఎలా నడిచిందో చెబుతాను. ఆయన శెనక్కాయ రైతు. యాభై మూడో ఏట చేనులో మొదటిసారి పడినప్పుడు అందరమూ ఎండ అనే అన్నాము. అది ఏప్రిల్ నెల. మా జిల్లాలో ఏప్రిల్ నెలలో పడినవాడికి ఎండ కాక ఇంకేం కారణం ఉంటుంది? రెండో ఏడు రాత్రిళ్ళు నాలుగయిదుసార్లు మూత్రానికి లేవడం మొదలైంది. లేచినా సరిగా రాదు, వచ్చేది ఆగదు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ప్రోస్టేట్ గ్రంథి వాచిందని మాత్రలు ఇచ్చారు, ఆ తరువాత కోశారు. కోసిన తరువాత మూత్రం అసలే ఆగకుండా పోయింది. ఆ మాత్రలు మింగిన రోజుల్లో మరింతగా పడేవాడు. ఆ మాత్రలకు రక్తపోటును ఇంకా దించే గుణం ఉన్నదని మాకెవరూ చెప్పలేదు. మూడో ఏడు నడక తూలింది, మాట ముద్దయింది. జన్మలో కల్లు ముట్టని మనిషిని పట్టుకుని ఊళ్ళో తాగుబోతు అన్నారు. "తాగినోనికి పొద్దున్నేకల్లా దిగుతాదిరా నాయనా, నాకు దిగదు" అని ఒకసారి నాతో నవ్వుతూ అన్నాడు. చిన్నమ్మ నవ్వలేదు.

నాలుగో ఏడు బెంగుళూరులో ఒక యువ వైద్యురాలు ఆయనను బల్ల మీద పడుకోబెట్టింది. అయిదు నిమిషాలు ఆగి రక్తపోటు చూసింది. 150, 90. నాడి 76. లేపి నిలబెట్టి, ఒక చేత్తో పట్టుకుని, మూడు నిమిషాలలో మళ్ళీ చూసింది. 84, 50. నాడి 80. "ఇంతకుముందు ఎవరైనా ఇలా చూశారా?" అని అడిగింది. నాలుగేళ్ళలో ఎన్నిసార్లు రక్తపోటు చూసి ఉంటారో లెక్కలేదు. ఇలా మాత్రం ఒక్కరూ చూడలేదు.

ఆ నాలుగంకెల తేడాలోనే కీలకమంతా ఉన్నది. నిలబడిన మూడు నిమిషాలలో పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని, అంతకు మించి గాని పడిపోతే అది లెక్కలోకి తీసుకోవలసిన పతనం. అయితే ఎండకు ఒంట్లో నీరు ఇంకిపోయినవాడికి కూడా పడిపోతుంది. ఇద్దరినీ వేరు చేసేది నాడి. నీరు తగ్గినవాడిలో మీట నొక్కే మనిషి ఉన్నాడు, గాభరాపడి గుండెను పరుగెత్తిస్తాడు. నరాలు చెడినవాడిలో రక్తపోటు పాతాళానికి పోయినా నాడి నింపాదిగానే ఉంటుంది. 2018లో అమెరికా పరిశోధకులు దీనికి ఒక సులువైన కొలత ఇచ్చారు. పై అంకె ఎంత పడిందో, నాడి కనీసం అందులో సగమైనా పెరగాలి. అంతకంటె తక్కువ పెరిగితే నరాలను అనుమానించాలి. మా చిన్నాయనకు 66 పడితే 4 పెరిగింది. గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు వేసుకునేవారికి ఈ లెక్క పనికిరాదు. నరాలు చెడ్డాయని తేలినంత మాత్రాన ఈ వ్యాధే అని కూడా కాదు, చక్కెర జబ్బు ముదిరినా అలా అవుతుంది. అయినా వడదెబ్బ అనే ఒక్క మాటతో ఫైలు మూసేయకుండా ఆపడానికి ఈ లెక్క చాలు.

వైద్యపుస్తకాలు ఎండ ఈ రోగులకు చేటు చేస్తుందని ఒక వాక్యంలో చెప్పి ఊరుకుంటాయి. మా పీఠభూమి మీద ఆ వాక్యం ఒక అధ్యాయమవుతుంది. పడమటి కనుమల వాననీడలో ఉన్న ఈ నేలకు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. వేసవిలో నలభై డిగ్రీలు దాటడం మామూలు. ఎండకు చర్మంలోని రక్తనాళాలు విప్పుకుంటాయి కనుక రక్తపోటు ఇంకా దిగుతుంది. చెమట పట్టదు కనుక ఒంటి వేడి బయటికి పోదు. ఈ రెండూ కలిసి రోగిని రెండు వైపులనుంచి పట్టుకుంటాయి. వీటికి తోడు ఎండ ఇంకొక పని చేస్తుంది, జబ్బును దాచిపెడుతుంది. చలిదేశంలో ఒక మనిషి వీధిలో కూలబడితే ఎందుకని అడుగుతారు. ఇక్కడ అడగరు, జవాబు నెత్తిమీదనే మండుతూ ఉంటుంది కదా! కరువుసీమలో ప్రతి బాధకూ కరువే కారణమని చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటు చాలాసార్లు నిజమే చెబుతుంది. అందుకే అది అబద్ధం చెప్పినప్పుడు మనం పట్టుకోలేము.

ఎండ దాచినదానిని సిగ్గు ఇంకా లోపలికి తోస్తుంది. మగవారిలో ఈ వ్యాధి మొదటి గుర్తు చాలాసార్లు దాంపత్య సామర్థ్యం పోవడం. యాభై ఏళ్ళ రైతు ఆ మాట వైద్యుడితో చెబుతాడా? మూత్రం సంగతి విధిలేక చెప్పినా, వయసు మీద పడ్డది కదా అని ప్రోస్టేట్ ఖాతాలో వేస్తారు. నిజానికి ఈ వ్యాధిలో మూత్రాశయం ఒకవైపు తొందరపడుతుంది, మరొకవైపు పూర్తిగా ఖాళీ కాదు. మూత్రం పోసిన వెంటనే స్కానింగు చేసి లోపల ఇంకా 100 మిల్లీలీటర్లకు మించి మిగిలి ఉన్నదేమో చూడడం ఒక ముఖ్యమైన పరీక్ష. అలా మిగిలి ఉంటే రోజుకు కొన్నిసార్లు శుభ్రమైన సన్నని గొట్టంతో తీసుకోవడం నేర్పుతారు. ప్రోస్టేట్ కోసినందువల్ల ఈ రోగులకు మేలు జరగకపోగా చాలామందికి మూత్రం ఆగకుండా పోతుందని వైద్యపత్రికలు 1990ల నుంచే చెబుతున్నాయి. పడిపోతున్నానని ఒకచోట, మూత్రం ఆగడం లేదని మరొకచోట చెప్పుకునే మనిషి ఒక్కడే అని గుర్తించేవారు కావాలి.

ఇక్కడ నాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న నాకు తెలుసు. నయం కాని జబ్బుకు పేరు తెలిసి ఏం లాభం? నిజమే, ఈ వ్యాధిని ఆపే మందు ఇంతవరకు లేదు. మొదలైన తరువాత సగటున ఆరు మొదలు పదేళ్ళ ఆయుష్షు అంటారు. అయినా పేరు తెలియడానికీ తెలియకపోవడానికీ ఎంత తేడా ఉన్నదో నేను కళ్ళారా చూశాను. పేరు తెలిసిన రోజున మూడు మాత్రలు ఆగిపోయాయి. నులకమంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు చేరాయి. ఈ రోగులకు చదునుగా పడుకుంటే రక్తపోటు పెరిగిపోతుంది, రాత్రంతా ఉప్పూ నీరూ మూత్రంలో పోతాయి, తెల్లవారి లేచేసరికి పతనం మరీ ఎక్కువగా ఉంటుంది. తల ఎత్తులో పడుకుంటే ఈ నష్టం తగ్గుతుంది. కడుపునిండా సంగటి తిన్న తరువాత నెత్తురు పేగులకు మళ్ళి కళ్ళు తిరుగుతాయి కనుక ముద్దలు చిన్నవయ్యాయి, పూటలు పెరిగాయి. పొట్టకు గట్టి పట్టీ వచ్చింది. ఎండపొద్దున తలకు తడిగుడ్డ వచ్చింది. మిడోడ్రిన్, ఫ్లూడ్రోకార్టిసోన్ అనే మాత్రలు వైద్యుల అదుపులో వచ్చాయి. మిడోడ్రిన్ పడుకోబోయే ముందు వేసుకోకూడదు, ఆఖరి మాత్రకూ పడకకూ నడుమ కనీసం నాలుగు గంటలు ఉండాలి.

అన్నిటికంటె చవకైన మందు మంచినీళ్ళు. 2000 ప్రాంతంలో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ రోగుల చేత సుమారు అర లీటరు నీళ్ళు గబగబా తాగించి చూశారు. ఆరోగ్యవంతులలో పెద్ద మార్పేమీ కనబడలేదు. ఈ రోగులలో మాత్రం అరగంటలో పై అంకె 30 వరకు, కొందరిలో ఇంకా ఎక్కువగా పెరిగింది. నీళ్ళ కోసం బిందెలు వరుసలో పెట్టే సీమలో, పొద్దున లేవకముందు తాగే రెండు గ్లాసుల నీళ్ళు ఒక మనిషిని నిలబెడతాయని వినడం ఎలా ఉంటుందో మా ప్రాంతపు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. పొలానికి పోయేటప్పుడు రోగి చేతిలో ఉండవలసినది ఆ చెంబు. వైద్యులు గుండె, మూత్రపిండాల పరిస్థితి చూసి ఎన్ని నీళ్ళు, ఎంత ఉప్పు అన్నది నిర్ణయించాలి.

పేరు తెలియడం వల్ల ఇంకొక మేలు కూడా ఉన్నది. ఈ రోగులలో కొందరికి నిద్రలో స్వరతంత్రులు మూసుకుపోయి ఊపిరి కీచుమని శబ్దం చేస్తుంది. అది గురక కాదు. ప్రాణం మీదికి తెచ్చే గుర్తు, వెంటనే చూపించవలసినది. తెలియనివాళ్ళు గాఢనిద్ర అనుకుని సంతోషిస్తారు.

రెండో ప్రశ్న ఇంకా కఠినమైనది. రక్తహీనతకే దిక్కులేని చోట, లక్షకు నలుగురయిదుగురికి వచ్చే జబ్బు గురించి ఇంత గొడవ ఎందుకు? ఇతర దేశాల ఈ లెక్క మనకూ వర్తిస్తుందనుకుంటే, 2011 జనగణన ప్రకారం నలభై లక్షలున్న ఉమ్మడి అనంతపురం జిల్లాలో నూటయాభై నుంచి రెండువందల మంది ఉండాలి. ఇది అంచనా మాత్రమే, తక్కువే కావచ్చును. కాని నేను అడుగుతున్న పరీక్ష ఆ రెండువందల మందికోసం మాత్రమే కాదు. చక్కెర జబ్బుతో నరాలు చెడినవారు, రక్తపోటు మాత్రలు ఎక్కువై తూలుతున్న ముసలివారు, వాంతులు విరేచనాలతో నీరు పోయినవారు, పార్కిన్సన్ మందులతో రక్తపోటు దిగినవారు, అందరూ ఆ బల్ల మీదనే బయటపడతారు. ముసలితనంలో ఒకసారి తుంటి ఎముక విరిగితే ఆ ఇంటి ఆర్థికం ఏమవుతుందో తెలిసినవారెవరూ ఈ అయిదు నిమిషాలను దుబారా అనరు.

చివరగా నా మనవి మూడు ముక్కలు. ఎవరైనా సొమ్మసిల్లి పడితే నలుగురూ కలిసి లేపి కూర్చోబెట్టి నోట్లో నీళ్ళు పోయడం మన పల్లెల అలవాటు. ఈ రోగికి అది అపకారం. పడుకోనివ్వండి, కాళ్ళు ఎత్తిపట్టండి, పూర్తిగా తెలివి వచ్చాకనే నీళ్ళు ఇవ్వండి. రెండోది, మీ ఇంట్లో యాభై దాటినవారెవరైనా లేవగానే తూలుతున్నా, మూత్రం సంగతి తేడాగా ఉన్నా, ఎండలో చెమట పట్టడం లేదన్నా, మూడింటినీ ఒకే కాగితం మీద రాసి ఒకే వైద్యుడికి చూపించండి. మూడోది, ఆ వైద్యుడు కూర్చోబెట్టి పట్టీ చుట్టబోతే, మర్యాదగానే, "అయ్యా, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడండి, నాడి కూడా లెక్కపెట్టండి" అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, మళ్ళీ అడగండి.